గాలి కొరికిన రబ్బరు

మద్రాసులో రైలు కదిలేటప్పటికి మూడో తరగతి పెట్టెలో మా బెంచీ మీదా, బెంచీ కిందా ఉన్నవారు, ఉన్నవి: నేను, ఆదోనికి పోతున్న పత్తి వ్యాపారి, ఆయన భార్య, వారి ఒళ్ళో నిద్రపోయే పాప, మూత వదులైన వెదురు బుట్టలో ఒక కోడిపుంజు, మా అమ్మ పంపిన ఆవకాయ జాడీ, ఒక భూతద్దం, అన్ని వైపుల నుంచీ గాలి దూరేటట్టు ఏటవాలుగా చెక్కలు కొట్టిన, పావురాల గూడు లాంటి పెట్టె, ఆ పెట్టెలో తొమ్మిది రబ్బరు బద్దీలు, పోల్చి చూడటానికని గాలి తగలకుండా గాజు గొట్టంలో పెట్టి లక్కతో మూసిన పదో బద్దీ. కోడిపుంజు ఎవరిదో గుంతకల్లు దాకా తేలలేదు. అక్కడ కూడా అది తనంతట తాను దిగిపోయింది.

ఈ బద్దీల సంగతి ముందే చెప్పేస్తే చదివేవారికి సుఖం. గాలిలో ఓజోన్ అనే వాయువు బహు కొద్దిగా ఉంటుంది. మనం పీల్చే ఆక్సిజన్‌లో పరమాణువులు రెండు, దీనిలో మూడు. ఆ మూడోది కుదురుగా కూర్చునే రకం కాదు, దొరికినదాన్నల్లా కొరుకుతుంది. సాగదీసిన రబ్బరంటే దానికి మరీ ఇష్టం. రబ్బరు బద్దీని చెక్కముక్క చుట్టూ వంచి బిగించి, ఎండ తగలకుండా గాలిలో పెడితే రెండు మూడు రోజుల్లో వంపు మీద అడ్డంగా సన్నని పగుళ్ళు పడతాయి. ఓజోన్ ఎక్కువగా ఉన్నచోట పగుళ్ళూ ఎక్కువ.

నేను రసాయన శాస్త్రం చదివి, మద్రాసులో ఒక కాలేజీలో, గాలి మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ గారి దగ్గర తాత్కాలికంగా పనిచేస్తున్నాను. సముద్రపు ఒడ్డు కంటే అనంతపురం మెట్ట మీద, ఆ పొడి గాలిలో, ఆ ఎండలో, ఓజోన్ ఎక్కువ తయారవుతుందని ఆయన నమ్మకం. ఎదురుగదిలోని ఇంకొక ప్రొఫెసర్ గారికి ఆ నమ్మకం లేదు. “మీ కుర్రాడు రైల్లో కూర్చుని బద్దీని పదిసార్లు మెలిపెట్టి పగుళ్ళు తెస్తాడు లెండి” అని ఆయన అందరి ముందూ అన్నారు. అందుకని నాకు మూడు షరతులు పెట్టి పంపారు. ఒకటి, మనిషి చెయ్యి తగలకుండా పగిలిన బద్దీ ఒక్కటైనా తేవాలి. రెండు, పగుళ్ళు అక్కడే లెక్కపెట్టాలి, ఎందుకంటే కట్టు విప్పితే పగుళ్ళు మూసుకుపోతాయి. మూడు, ఆ ఊరివారు ఇద్దరు భూతద్దంలో చూసి, ఇద్దరూ ఒకే లెక్క చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాలి.

ఇవి జరిగితే నా ఉద్యోగం ఖాయం. జరగకపోతే నేను కాకినాడ పక్కన మా మేనమామ సబ్బుల కార్ఖానాకు పోవాలి. “బాబూ, సబ్బు కాచే పెద్ద డేగిసా వచ్చింది, నీ కోసమే కాచుకుని ఉంది” అని ఆయన కార్డు మీద కార్డు రాస్తున్నాడు. సబ్బంటే నాకు ద్వేషం లేదు. ఒంటికి రాసుకునేటంత వరకూ నాకది ఇష్టమే.

గుంతకల్లు: ఇంజను కూత

గుంతకల్లులో గాలిని చూడటానికి పరికరాలు అక్కర్లేదు. అది కంటికే కనిపిస్తుంది. నాలుగు వైపుల నుంచీ వచ్చే బండ్లు అక్కడ నీళ్ళు తాగి, బొగ్గు వేసుకుని, పొగ వదిలి పోతాయి. పొగ ఉన్నచోట ఓజోన్ ఉంటుందా, ఉండదా అని తెలుసుకోవడానికే మొదటి మజిలీ అక్కడ పెట్టుకున్నాను.

మా కాలేజీ అటెండరు తమ్ముడు దావీదు ఇంజను షెడ్డులో ఫిట్టరు. ఆయన క్వార్టర్సు డాబా మీద పెట్టె పెట్టి, మూడు బద్దీలు అందులో బిగించాను. దావీదు భార్య ఎస్తేరమ్మ కొంగు నడుముకు దోపుకుని చూస్తూ నిలబడింది.

“ఏమప్పా, ఇది పావురాలకా?”

“కాదమ్మా, గాలికి.”

“గాలికి గూడెందుకప్పా? అది యాడైనా ఉంటాది గదా.”

నేను చెప్పగలిగినంత చెప్పాను. ఆమె అంతా విని, “అట్లనా. మా ఆయనకి కూడా ఇట్లాంటి పిచ్చిలు శానా ఉండాయి” అని ధైర్యం చెప్పింది.

గుంతకల్లులో పొద్దున పూట అందరూ ఉగ్గాని తింటారు. మేము మరమరాలనేవాటిని వారు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, పోపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మా కోస్తాలో మరమరాలు తడిస్తే పారేస్తాం. ఇక్కడ తడపకపోతే పారేస్తారు. బజ్జీలో మిరపకాయ ఉంటుందని తెలుసు గానీ, అది తన పని చేస్తుందని అనుకోలేదు. స్టేషను కొళాయి దగ్గర నేను నోరు పెట్టి తాగిన నీళ్ళతో ఒక చిన్న ఇంజను హోస్పేట దాకా పోయి ఉండేది.

మూడు రోజుల గడువు పూర్తయ్యాక డాబా ఎక్కి భూతద్దం పెట్టి చూశాను. మూడు బద్దీలూ పసిపిల్ల బుగ్గల్లా ఉన్నాయి. ఒక్క గీత లేదు. నేను పొంగిపోయాను. పొగలోని వాయువులు ఓజోన్‌ను ముందుగానే మింగేశాయన్నమాట! అక్కడే పిట్టగోడ మీద కూర్చుని ఒక పేజీ నిండా రాశాను. కింద గీత గీసి, ‘ముఖ్యం’ అని కూడా రాశాను. అప్పుడు బద్దీని వాసన చూశాను. కలరా ఉండల వాసన వచ్చింది.

“ఎస్తేరమ్మగారూ, ఈ పెట్టె ఇక్కడే ఉంది కదూ?”

“ఇప్పుడు తెచ్చి పెడ్తి గదప్పా, నువ్వొస్తావని. ఇంజను కూత పెడితే మేము ఆరేసిన గుడ్డలన్నీ లోపలికి తెచ్చుకుంటాం. లేకుంటే తెల్లచీర పొద్దున ఆరేస్తే సాయంత్రానికి నల్లచీర. పరాయోని సరుకు, అదొక్కటి బైట వదిలేసేది బాగుంటాదా? మొదటి కూతకే బీరువాలో పెట్టేస్తి.”

“మళ్ళీ ఎప్పుడు బయట పెట్టారు?”

“కూత ఆగితే గదా పెట్టేది! గుంతకల్లులో కూత ఎప్పుడాగినాది?”

దావీదు తలుపు దగ్గర బూట్లు విప్పుతూ, “నా టిఫిను డబ్బా కూడా బీరువాలోనే పెడతాది సార్. నాకే దొరకదు” అన్నాడు.

“మసి అంటింటే సబ్బు పెట్టి ఉతికినా” అని ఆమె చివరగా చెప్పింది, ఆ సంగతి కూడా నాకు తెలియాలని.

నేను ‘ముఖ్యం’ అన్న పేజీ చింపేశాను. మిగిలిన బద్దీలు ఆరు.

హిందూపురం నుంచి బస్సు

హిందూపురంలో దిగి గోరంట్ల బస్సెక్కాను. టీ ధర అడిగితే నయాపైసల్లో చెప్పిన కొట్టువాడే చిల్లర అణాల్లో ఇచ్చాడు. రెంటికీ మధ్య లెక్క కుదరలేదు. ఇద్దరం కాసేపు చేతివేళ్ళ మీద ప్రయత్నించి, చివరికి ఆయన ఒక బెల్లం ముక్క ఇస్తే సరిపెట్టుకున్నాను.

బస్సు ఊరు దాటి మొదటి మిట్ట దగ్గర నిలిచిపోయింది. కండక్టరు లేచి నిలబడి, “టిక్కెట్టు ఉండేటోళ్ళు దిగి తోయండి. లేనోళ్ళు కదలద్దు, ఆడనే కూచోండి” అన్నాడు. ఇదేం న్యాయమని నేను అడిగాను. “టిక్కెట్టు లేనోడు దిగితే మళ్ళా ఎక్కుతాడా సార్? చేన్లో పడి పోతాడు” అన్నాడు. వాదనలో లోపం కనిపించలేదు. దిగి తోశాను.

నా పక్కన తోస్తున్న రైతు పేరు హనుమంతప్ప. తోసేటప్పుడు మనుషులకు మొహమాటం పోతుంది. బస్సు మళ్ళీ కదిలే లోపల నేనెవరో, ఏ గాలి కోసం తిరుగుతున్నానో, పెళ్ళైందో లేదో, ఎందుకు కాలేదో ఆయనకు తెలిసిపోయింది. “మా యింటికి రా సామీ. మా కాడ గాలికి కరువు లేదు. కరువు లేంది అదొక్కటే” అన్నాడు.

గోరంట్ల: చిప్పలో ఆముదం

హనుమంతప్పకు బావి ఉంది. ఎద్దులు ఏటవాలుగా దిగుతూ తాడు లాగితే, పెద్ద తోలు బాన నిండా నీళ్ళు పైకి వస్తాయి. దాన్ని కపిల అంటారు. నేను చూసినప్పుడు బాన పైకి వచ్చింది గానీ అందులో నీళ్ళ కంటే బురద ఎక్కువ. ఒక కప్ప కూడా వచ్చింది. అది మమ్మల్ని చూసి తిరిగి బావిలోకి దూకింది.

మా కోస్తాలో ప్రతి వస్తువుకూ బూజు పడుతుంది. చెప్పులకూ, పుస్తకాలకూ, పప్పుకూ, ఒకసారి మా తాతగారి కళ్ళజోడు పెట్టెకూ పట్టింది. ఇక్కడ ప్రతిదీ పగులుతుంది. నేను చూసినంతలో పగిలినవి: చెరువు అడుగు, బండి చక్రం, తలుపు, పెదవులు, మడమలు, కపిల బాన, ఎద్దుల కొమ్ములు, నేను రాసుకునే కలం మూత. అందుకని ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక కొబ్బరిచిప్పలో ఆముదం ఉంటుంది. వచ్చేవాడూ పోయేవాడూ అందులో వేలు ముంచి, ఏది పగిలి కనిపిస్తే దానికి రాసుకుంటూ పోతాడు. బాన తోలుకు, ఇరుసుకు, ఎద్దు మెడకు, పిల్లల తలకు, తన పెదవికి, అన్నిటికీ అదే చిప్ప, అదే వేలు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే హనుమంతప్ప భార్య నాగమ్మ నా మడమలు చూసి, “అయ్యో, పట్నం కాళ్ళు” అని చిప్ప నా ముందుకు తోసింది.

రాత్రి రాగి సంగటి, ఊరిబిండి అనే వేరుశనగ కారం పెట్టారు. సంగటి ముద్దను చిన్న ఉండగా చేసి, కారంలో ముంచి, నమలకుండా మింగాలి. నాకు ఎవరూ చెప్పలేదు. నేను నమిలాను. ఇంటిల్లిపాదీ అన్నం మానేసి నన్ను చూశారు.

“సామీ, నములుతాండావే!” అంది నాగమ్మ.

“నమిలితే ఏమవుతుందమ్మా?”

“ఏమీ కాదు. తెల్లారుతాది, అంతే.”

పెట్టె పశువుల కొట్టం చూరు కింద వేలాడదీశాను. సైకిలు షాపతను వచ్చి, బద్దీలు చూసి, ఇవి ఏ సైకిలు ట్యూబువో చెప్పమని, ప్యాచీ వేసి ఇస్తానని అన్నాడు. సైకిలు లేదని చెప్పాను. సైకిలు లేకుండా ట్యూబు మోసుకు తిరిగే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు. తర్వాత ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చి చూపించాడు.

అక్కడి గాలి నన్ను మోసం చెయ్యలేదు. రెండో సాయంత్రం భూతద్దంలో చూస్తే మూడు బద్దీల మీదా వెంట్రుకవాసి గీతలు మొదలయ్యాయి. ఇంకొక్క రోజు ఉంటే లోతుగా పడతాయి, అప్పుడు సాక్షులను పిలవచ్చు. సంతోషం పట్టలేక హనుమంతప్పను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

“చూశారా? పగుళ్ళు! అప్పుడే పగుళ్ళు వచ్చేశాయి!”

ఆయన చూశాడు. ముఖం చిన్నబోయింది. “అవునప్పా. వచ్చేసినాయి” అని మెల్లగా అన్నాడు. నా భుజం తట్టాడు. ఆ తట్టడం ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పొద్దున లేచి చూస్తే మూడు బద్దీలూ వెలిగిపోతున్నాయి. ఆముదం. వంపు మీదా, వంపు కిందా, కట్టిన దారానికి కూడా. ఒక్క గీత కనిపించలేదు. హనుమంతప్ప చిప్ప పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

“భయపడాకు సామీ. నయమైపాయ” అన్నాడు.

“ఎవరు రాయమన్నారండీ?”

“రాయమనేదేముందప్పా? యింట్లో చుట్టం సరుకు పగుల్తా ఉంటే సూస్తా కూచుంటామా? మా బాన పోయినేడు ఇట్లనే చీలబట్టె. నాలుగు రోజులు పట్టించితి, మళ్ళా తోలు పట్టు మాదిరి అయిపాయ.”

వాకిట్లో నుంచి నాగమ్మ అందుకుంది: “రెండు మార్లు పట్టించినాడు సామీ. చీకట్లో లేసి ఒక మారు, కోడి కూసినాక ఒక మారు. నన్ను కట్టుకోని ఇన్నేండ్లాయ, నా తలకి ఒక్క మారు రాసినోడు కాదు.”

నాకు పగుళ్ళే కావాలని నేను అప్పుడు చెప్పాను. హనుమంతప్ప విన్నాడు. నన్నూ, చిప్పనూ, బద్దీలనూ మార్చి మార్చి చూశాడు. “పగలాలని పెడితివా?” అన్నాడు. “ఆ సంగతి ముందే చెప్పల్ల గదప్పా! మా యింట్లో ఏమి పెట్టినా పగుల్తాది. అన్నిటికంటే సులువు పని అదే గదా!” ఆయన అంత బాధపడ్డాడంటే, నేనే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఒక సీసా ఆముదం ఇచ్చాడు. వద్దనలేకపోయాను.

మిగిలిన బద్దీలు మూడు. నాకిచ్చిన గడువు కూడా దగ్గర పడింది. ఇక చివరి మజిలీ తనకల్లులో పని జరగకపోతే డేగిసా దగ్గరికే.

తనకల్లు: చిన్నప్ప కత్తి

కదిరి మీదుగా తనకల్లు చేరాను. ఈసారి మొహమాటం పెట్టుకోలేదు. బస్సు ఆగేచోట లక్ష్మమ్మ అనే ఆవిడ టీ, బన్ను, మధ్యాహ్నం సజ్జ రొట్టె అమ్మే పూరిపాక ఉంది. పక్కన వేపచెట్టు కింద చిన్నప్ప అనే ఆయన క్షౌరం చేస్తాడు. ఆ పాకకూ ఆ చెట్టుకూ మధ్య గుంజకు పెట్టె వేలాడదీసి, బల్ల మీద నిలబడి, గొంతు పెంచి చెప్పాను: “అయ్యా, అమ్మా! వీటిని లోపల పెట్టకూడదు. ఉతకకూడదు. నూనె రాయకూడదు. నాకు పగుళ్ళు కావాలి. పగుళ్ళే కావాలి!”

బస్సు కోసం కూర్చున్నవారంతా విన్నారు. ఓబుల్రెడ్డి అని, తలపాగా చుట్టిన పెద్దరైతు, నిదానంగా అన్నాడు: “పగుళ్ళు కావాల్నా అప్పా? మా చెరువులోకి రా. బండ్లకెత్తుకోని పో. దుడ్లు కూడా అడగం.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాట మాత్రం అందరికీ చేరిందని తృప్తి కలిగింది. ఆ తృప్తితోనే లక్ష్మమ్మ పాకలోకి పోయి, గాలి రబ్బరును కొరికే సంగతి ఆవిడకు చెబుతూ రొట్టె తినడానికి కూర్చున్నాను. రొట్టె గట్టిది. దానికి కొంత సమయం పట్టింది.

బయటికి వచ్చేసరికి చిన్నప్ప మంగలకత్తిని సానరాయి మీద నూరుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ముఖమంతా వెలుగు.

“సామీ, మీరు రొట్టె తినొచ్చే లోపల పనైపాయ.”

“ఏం పని?”

“పగుళ్ళు! ఈ బద్దీకి పన్నెండు, ఈ బద్దీకి పన్నెండు. కొలిసినట్టుండాయి సూడండి. గీతకీ గీతకీ తేడా వస్తే నా పేరు చిన్నప్ప కాదు. మూడోదానికి పదును చాల్లేదు. నూరుతాండా. ఇదిగో, అయిపాయ.”

నేను రెండు చేతులూ చాచి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను. చిన్నప్ప కత్తి దించి, బెంగగా అడిగాడు: “పగుళ్ళు బాగలేవా సామీ?”

“బాగున్నాయి” అన్నాను. నిజంగా బాగున్నాయి. గాలి ఎన్నటికీ అంత చక్కగా కొరకలేదు.

లక్ష్మమ్మ పాకలో నుంచి గరిటె పట్టుకుని వచ్చింది. “ఓ చిన్నప్పా! గాలి కొరకల్ల అంట, నువ్వు గాదు! ఆయప్ప గొంతు చించుకోని చెప్పె గదా, నీ చెవులు యాడ పెట్టుకొంటివి?”

“పగుళ్ళు కావాలన్నాడు మే. గాలి అన్లేదు.”

నేను గుర్తు చేసుకున్నాను. ఆయన చెప్పింది నిజం. గాలి అనే మాట నేను అనలేదు. మనిషి చెయ్యి తగలకూడదన్న షరతు కూడా అప్పుడే ఆయనకు చెప్పాను.

చిన్నప్ప తన పెట్టె, అద్దం, కుర్చీ అన్నీ తెచ్చి గుంజ పక్కన వేసుకున్నాడు. “ఈ మిగిలిన ఒక్కదాని మీద ఈగ వాలినా నేను ఊరిడిసి పోతా” అన్నాడు.

అప్పటి నుంచి ఆ బద్దీ దగ్గరికి ఎవరూ పోలేకపోయారు. గడ్డం చేయించుకునేవాళ్ళను పెట్టె వైపు తిప్పి కూర్చోబెట్టి, ఒక కన్ను గడ్డం మీద, ఒక కన్ను పెట్టె మీద ఉంచి గీశాడు. ఇద్దరికి గాటు పడింది. వాళ్ళు అరిస్తే, “గాలి కోసమేరా, గాలి కోసమే!” అన్నాడు. ఒక మేక పెట్టెను చూడటానికి వచ్చింది. దాని మూతికి సబ్బునురుగు పూసి పంపించాడు. లక్ష్మమ్మ పొయ్యి పొగ అటు పోతుందని ఆయన గొడవ పెట్టుకుంటే, ఆవిడ తిట్టుకుంటూనే పొయ్యిని పాక అవతలికి మార్చుకుంది. “మొగుడి మాట విని ఇంత పని చేసింటే నాకు మిద్దె ఉండేది” అంది.

చివరికి నేనే భూతద్దం పట్టుకుని దగ్గరికి పోయాను. చిన్నప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

“దూరం, దూరం. మనిషి చెయ్యి తగలకూడదని మీరే అంటిరి.”

“నేను చూస్తానంతే.”

“ఆడ నుంచే సూడండి.”

భూతద్దం దూరం నుంచి పని చెయ్యదని ఆయనకు నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది.

లెక్క

ఎక్కాల్సిన బస్సు వచ్చే రోజు పొద్దున్నే పెట్టె దింపాము. పగుళ్ళు పడ్డాయి. వంపు మీద, అడ్డంగా, ఏ కత్తీ పెట్టలేని వంకరతో, చక్కగా పడ్డాయి. సాక్షులు చిన్నప్ప, ఓబుల్రెడ్డి. ఇద్దరికీ సంతకం వచ్చు. భూతద్దం ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చాను.

“ఇరవై మూడు” అన్నాడు ఓబుల్రెడ్డి.

“ఇరవై నాలుగు” అన్నాడు చిన్నప్ప.

మళ్ళీ చూశారు. మళ్ళీ అదే. చిక్కు ఎక్కడుందో నేను కనిపెట్టాను. ఒక పగులు మొదట్లో ఒకటిగా ఉండి, సగం దూరం పోయి రెండుగా చీలింది. ఇద్దరి లెక్కా ఒకటి కాకపోతే కాగితం చెల్లదు. నేను లెక్క చెబితే సాక్ష్యం చెల్లదు. కదిరి వైపు నుంచి బస్సు దుమ్ము అప్పుడే కనిపిస్తోంది. మదనపల్లె పోయి నేను రైలందుకోవాల్సింది ఆ బస్సుకే.

“రెడ్డీ, కండ్లు కనపడలేదా? కొసలు రెండుండాయి. రెండు!” అన్నాడు చిన్నప్ప.

“మొదలు సూడు, కొస కాదు. చింతచెట్లు వేలం వేస్తే ఎట్ల లెక్కపెడతారు? చెట్టు రెండుగా చీలినా మొదలు ఒకటైతే చెట్టు ఒకటే.”

“అది నీకు లాభమని నువ్వు పెట్టించిన లెక్క. జప్తుకు కోర్టు అమీను వస్తే రెండంటాడు!”

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు. ఎవరూ కదల్లేదు. కండక్టరు దిగి, “ఏమప్పా, పంచాయితీ?” అని అడిగి, భూతద్దం లాక్కుని చూశాడు. “ఒకటే” అన్నాడు. డ్రైవరు దిగి చూసి “రెండు” అన్నాడు. దాంతో బస్సులో ఉన్నవారందరూ దిగారు. టిక్కెట్టు ఉన్నవారూ, లేనివారూ. వరసగా నిలబడి ఒక్కొక్కరే చూశారు. కోక చెంగులో వేరుశనగ బుడ్డలు కట్టుకున్న ఒక ముసలామె భూతద్దం తిరగేసి చూసి, “నాకు నా వేలే కనపడుతాంది, అది మాత్రం ఒకటే” అంది. నేను వాచీ చూసుకుంటూ, ఒకటా రెండా అనే మాటతో నా బతుకు సబ్బులో పడుతుందా అని చెమటలు తుడుచుకుంటున్నాను.

అప్పుడు కండక్టరు తన మీసం పట్టుకుని చిన్నప్ప ముందు నిలబడ్డాడు. మంచి మీసం. మధ్యలో పాయ తీసి, రెండు కొసలూ పైకి తిప్పి ఉంది.

“చిన్నప్పా, ఇదెన్ని మీసాలు?”

“ఒకటే.”

“నడుమ చీలి ఉండాది గదా. కొసలు రెండు. నేను కత్తిరించుకునేకి కూచుంటే రెండు మీసాలకి కూలి అడుగుతావా?”

చిన్నప్ప ఆలోచించాడు. అందరూ ఆయన ముఖం వైపే చూశారు. “అట్ల అడిగితే నా కాడికి ఎవరొస్తారప్పా?” అన్నాడు. భూతద్దం తీసుకుని మళ్ళీ ఒకసారి బద్దీని చూశాడు, మళ్ళీ మీసాన్ని చూశాడు. “సరే. ఇరవై మూడు.”

ఓబుల్రెడ్డి తలపాగా సర్దుకుని సంతకం పెట్టాడు. చిన్నప్ప పెట్టాడు. నేను కాగితం మడవబోయాను.

“నిలువప్పా, మేము సూడలేదా?” అన్నాడు కండక్టరు. ఆయన సంతకం పెట్టాడు. తాను రెండన్నానని, కానీ తీర్పుకు కట్టుబడతానని చెప్పి డ్రైవరు పెట్టాడు. ఎండలో వరసగా నిలబడి చూసినవారందరూ, తమ చూపు ఎందుకు వృథా పోవాలని అడిగారు. లక్ష్మమ్మ పొయ్యిలో మసి తీసి వేలిముద్రలకు ఇచ్చింది. ముసలామె తనకు కనిపించింది వేలే కాబట్టి ఆ వేలే వేస్తానని వేసింది.

మద్రాసు

ప్రొఫెసర్ గారు బద్దీని గాజు గొట్టంలోని పదో బద్దీ పక్కన పెట్టి, తాను స్వయంగా భూతద్దంలో చూసి, ఎదురుగది ప్రొఫెసర్ గారిని పిలిచారు. ఆయన బద్దీని ఒక్క క్షణం, కాగితాన్ని చాలాసేపు చూశారు. కాగితం కింది భాగమంతా మసి వేళ్ళతో నిండి ఉంది. అది ఏ కుర్రవాడూ రైల్లో కూర్చుని తయారు చేయగలిగింది కాదని ఒప్పుకున్నారు. మరుసటి నెల నుంచి నా పేరు పరిశోధన గది జీతాల పట్టీలోకి ఎక్కింది. మా మామయ్యకు కార్డు రాశాను.

కావలసిన సాక్షులు ఇద్దరు. సంతకాలూ వేలిముద్రలూ కలిపి: ముప్పై ఒకటి.